అడుగు కనబడని డబ్బా

ఈ మధ్య అమెరికాలో మేముండే షామ్‌బర్గ్‌లో మా వీధి పిల్లలు ఇద్దరు కంప్యూటర్లు కాకుండా ఆహార శాస్త్రం చదవబోతున్నామని చెప్పి నా దగ్గరకు వచ్చారు. "అంకుల్, యాక్చువల్‌గా ఆ జాబ్‌లో రోజంతా ఏం చేస్తారు?" అని అడిగారు. వారి తండ్రులు అడిగినది వేరు: "దాంట్లో స్కోప్ ఉంటుందా అంకుల్?" తండ్రుల ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పిల్లల ప్రశ్నకు ఉంది. దాన్ని నోటితో చెప్పడం కంటే రాయడం మేలనిపించింది. నోటిమాటలో అంకెలు జారిపోతాయి. అంకెలు జారిపోయిన అనుభవం మీద నాకు నమ్మకం లేదు.

చేసిన పని

నేను పనిచేసినది ఒక పిండి కంపెనీ పరీక్షా వంటగదిలో. మా కంపెనీ గోధుమపిండి, ఈస్టు, బేకింగ్ సోడా అమ్మేది. వాటిని కొన్న గృహస్థులు మాకు ఉత్తరాలు రాసేవారు, ఫోన్లు చేసేవారు. దుకాణంలో పొట్లంలో దొరికే ఫలానా చీజ్ క్రాకర్ అనే ఉప్పు బిస్కెట్‌ను ఇంట్లో ఎలా చేసుకోవాలి? పాన్‌కేక్ మిక్స్ నిండుకుంటే ఏది ఎంత కలిపితే అదే రుచి వస్తుంది? బ్రౌన్ షుగర్ గడ్డకట్టింది, ఇప్పుడు ఏం చేయాలి? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడం మా ఉద్యోగం. పొట్లంలోని వస్తువును మామూలు ఇంట్లో, మామూలు ఓవెన్‌లో, పనిచేసి అలసిన మనిషి ఆదివారం నాడు చేసుకోగలిగేలా సూత్రం రాయాలి. ఆ సూత్రం పిండి సంచి వెనుక అచ్చవుతుంది. దాని కింద మన పేరు ఉండదు.

మనవాళ్ల విందుల్లో నా ఉద్యోగం ఒక వేడుక.

"ఏం సార్, ఇవాళ ఆఫీస్‌లో ఎన్ని బిస్కెట్లు తిన్నారు?"

"పదకొండు. అందులో ఏడు పనికిరానివి" అని నేను ఉన్నమాట చెప్పేవాడిని. వారు నవ్వేవారు. అందులో నవ్వవలసినది ఏముందో నాకు ఈనాటికీ తెలియదు. పనికిరాని ఏడింటిని నమిలి, ఎందుకు పనికిరావో రాసిపెట్టడమే ఆ ఉద్యోగంలో కష్టమైన భాగం.

జూడిత్ దగ్గర నేర్చుకున్నది

మా వంటగది అధికారి జూడిత్ పొట్టి మనిషి, మితభాషి. ఆమె కింద నేను చాలాకాలం పనిచేశాను. వంటగదిలోని ప్రతి గిన్నె అడుగున నల్లసిరాతో ఆ గిన్నె ఖాళీ బరువు రాయించేది. అదే అలవాటు నాకూ పట్టుకుని, మా ఇంటి స్టీలు గిన్నెల అడుగున కూడా అంకెలు వెలిశాయి. "గిన్నెలకు జనాభా లెక్కలేమిటండీ?" అని మా ఆవిడ నేటికీ విసుక్కుంటుంది. ఆవకాయ కలిపే రోజున మాత్రం ఆ అంకెలనే వెతుక్కుంటుంది.

ఒకసారి చీజ్ క్రాకర్ల మీద పనిచేస్తున్నాం. ఒక విడత క్రాకర్లు నోట్లో పెట్టుకోలేనంత ఉప్పగా వచ్చాయి. ఉప్పు ఎనిమిది గ్రాములే వేశానని పిండి కలిపినతను. రెండుసార్లు వేసి ఉంటావని పక్క బల్ల దగ్గరి అమ్మాయి. మాటా మాటా పెరిగింది. జూడిత్ ఇద్దరినీ ఏమీ అడగలేదు. ఉప్పు డబ్బాను తీసుకువెళ్లి కాటా మీద పెట్టింది. పొద్దున రాసిపెట్టిన బరువు కంటే పదహారు గ్రాములు తగ్గింది. అక్కడితో తగవు ముగిసింది. అతను అబద్ధమాడలేదు, మధ్యలో ఫోను వచ్చి మరిచిపోయాడు. ఆ సాయంత్రం జూడిత్ నాతో అన్న మాట నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే పనికొచ్చింది: ఎంత వేశావని మనిషిని అడిగితే జ్ఞాపకం జవాబిస్తుంది, అందుకే మిగిలినదాన్ని తూచు.

ఫిర్యాదుల విషయంలోనూ ఆమెది ప్రత్యేకమైన తీరు. మెచ్చుకోలు ఉత్తరాలను ఆమె చదివి పక్కన పెట్టేది. ఫిర్యాదు ఉత్తరాలను మాత్రం మాతో పైకి చదివించేది. మెచ్చుకున్నవాళ్లలో సగం మంది వండే ఉండరు, ఫిర్యాదు చేసినవాళ్లు మాత్రం తిని తీరాలి అనేది. మొదట్లో ఇది చాదస్తమనుకున్నాను.

ఏది చేసుకోవాలి, ఏది కొనాలి

ఇంట్లో చేసినదల్లా మేలైనదని నేను ఏనాడూ రాయలేదు. మీరూ రాయకండి. పంచదారను ఇంట్లో మిక్సీలో పొడి చేసినా అది పంచదారే. "కెమికల్స్ లేని బేకింగ్ పౌడర్" అని వాట్సాప్‌లో తిరిగే సూత్రాలు చూస్తుంటాను. బేకింగ్ పౌడర్ అంటేనే ఒక క్షారం, ఒక ఆమ్లం. కెమికల్ తీసేస్తే మిగిలేది ఖాళీ చెంచా.

బ్రౌన్ షుగర్ చేసుకోవచ్చు: రెండువందల గ్రాముల పంచదారకు ఇరవై గ్రాముల మొలాసిస్ అనే చెరకు మడ్డి, చేతితో నలిపితే చాలు. పాన్‌కేక్ మిక్స్, చీజ్ క్రాకర్లు చేసుకోవచ్చు. మార్ష్‌మాలో అనే జిగురు మిఠాయిని కొనుక్కోండి. అది ఇంట్లో చేయడం సాధ్యమే. చేసిన తరువాత వంటిల్లు కడగడం మాత్రం సాధ్యం కాదు.

అయితే కొందరికి ఈ ఎంపిక ఉండదు. దుకాణం వస్తువు వాళ్ల ఒంటికి పడదు. వాళ్లకు ఇంట్లో చేసుకోవడం సరదా కాదు, అదొక్కటే దారి. ఉద్యోగం విరమించిన తరువాత అలాంటి ఒక ఇంటికి నేను పనిచేశాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ ఇల్లే.

తన కేక్ తాను తినని పిల్ల

మా అపార్ట్‌మెంట్ల సముదాయంలో పక్క భవనంలో సౌజన్య, రాకేశ్ ఉంటారు. కరీంనగర్ వారు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. వారి కూతురు అన్విక అప్పటికి ఎనిమిదో ఏట అడుగుపెట్టబోతోంది. ఆ పిల్లకు మొక్కజొన్న పడదు. తింటే పెదవుల చుట్టూ, మెడ మీద దద్దుర్లు లేస్తాయి. ఊహ తెలియని వయసులోనే దుకాణం కేక్ తిన్నప్పుడల్లా దద్దుర్లు వస్తుంటే కేకులే మానిపించారు. కారణం మొక్కజొన్న అని డాక్టర్ పరీక్షలు చేసి తేల్చింది మాత్రం కిందటి ఏడాదే.

మొక్కజొన్న పడదంటే కంకులు, పాప్‌కార్న్ మానేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈ దేశంలో అది దాగని పొట్లం అరుదు. బేకింగ్ పౌడర్ గడ్డకట్టకుండా కలిపేది మొక్కజొన్న స్టార్చ్. పంచదార పొడిలోనూ అదే. కేక్ మీద చల్లే రంగుల స్ప్రింకిల్స్‌లో అదే. కొన్ని వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్‌లలో మొక్కజొన్న పాకం ఉంటుంది. అయొడిన్ ఉప్పులో కలిపే కొద్దిపాటి డెక్స్‌ట్రోజ్ అనే చక్కెర కూడా సాధారణంగా దాని నుంచి తీసినదే. కాబట్టి ఈ పిల్లకు కేక్ చేయడమంటే ముందు కేకుకు కావలసిన సరుకులను చేయడం.

సౌజన్య మా ఇంటికి వచ్చి సోఫా అంచున కూర్చుని విషయం చెప్పింది.

"ప్రతి బర్త్‌డేకి కేక్ కట్ చేసేది ఇదే అంకుల్, తినేది మాత్రం అందరూ. ఇది పక్కన గ్రేప్స్ బౌల్ పెట్టుకుని కూర్చుంటది. ఈసారి ముందే చెప్పేసింది, నా కేక్ నేను తినకపోతే పార్టీయే వద్దని."

అన్విక తల్లి పక్కనే నిలబడి మా గోడ మీది గడియారం చూస్తోంది.

"వెనిల్లా లేకుండా యాలకులు వేసి చేద్దామా?" అని అడిగాను. యాలకులైతే మొక్కజొన్న బెడద ఉండదని నా ఆలోచన.

ఆ పిల్ల నా వైపు జాలిగా చూసింది. "తాతా, దట్స్ పాయసం. ఐ వాంట్ బర్త్‌డే కేక్. వైట్ ఫ్రాస్టింగ్. స్ప్రింకిల్స్ కూడా."

వినియోగదారు తనకు కావలసినదాన్ని ఇంత స్పష్టంగా చెప్పడం నా ఉద్యోగ జీవితంలో అరుదు. ఒప్పుకున్నాను.

ఒక షరతు పెట్టాను. నేను డాక్టర్‌ను కాను. కొత్త సరుకుతో చేసినది ఏదైనా మొదటిసారి డాక్టర్ అనుమతితో, వారి ఎదుటే తినిపించాలి. అది లేకపోతే నేను పొయ్యి వెలిగించను. ఈ రంగంలోకి వచ్చే పిల్లలు ఈ షరతును ఎవరు నవ్వినా వదులుకోవద్దు.

మొదటి విడత

బేకింగ్ పౌడర్‌తో మొదలుపెట్టాను. యాభై గ్రాముల బేకింగ్ సోడాను తటస్థం చేయడానికి నూట పన్నెండు గ్రాముల క్రీమ్ ఆఫ్ టార్టర్ కావాలి. ఇది అంచనా కాదు, అణుభారాల లెక్క. క్రీమ్ ఆఫ్ టార్టర్ ద్రాక్షసారా పీపాల గోడలకు పేరుకునే పదార్థం నుంచి వస్తుంది. మొక్కజొన్నతో దానికి సంబంధం లేదు. తేమ తగిలి ఈ రెండూ ముందే కలబడకుండా ముప్పై ఎనిమిది గ్రాముల బంగాళదుంప స్టార్చ్ వేశాను. మొత్తం రెండువందల గ్రాములు. మూడుసార్లు జల్లించి, గాజు సీసాలో పోసి, చేసిన తేదీ చీటీ అంటించాను.

పంచదార పొడిలో సగ్గుబియ్యం మిక్సీ పట్టి కలిపాను. వెనిల్లా కాయను చీల్చి పంచదారలో దాచాను. అయొడిన్ లేని ఉప్పు కొన్నాను. వీటితో మా ఇంట్లో మఫిన్లు, అంటే చిన్న కప్పు కేకులు, చేసి ఇచ్చాను. సౌజన్య ఒకటి డాక్టర్ దగ్గరకు తీసుకువెళ్లి, అక్కడే పిల్లకు తినిపించి, వారు చెప్పినంతసేపు కూర్చుని వచ్చింది. ఒక్క దద్దురు లేవలేదు.

ఆ తరువాత వాడినంత బేకింగ్ పౌడర్ మళ్లీ కలిపి, సీసాను రెండువందల గ్రాములకు నింపి, నా సరుకులన్నీ సౌజన్యకు అప్పగించాను. కేక్ తమ ఇంట్లో చేయాలని ఆమె కోరిక. నా ఉద్దేశమూ అదే. తల్లికి చేయడం రాని వంటకం ఆ ఇంట్లో నిలవదు. మరునాడే నా గాజు సీసా తిరిగి వచ్చింది. వట్టిగా కాదు, నిండా సకినాలతో వచ్చింది. ఆ రోజుల్లో రాకేశ్ తల్లి సరోజన గారు ఇక్కడే కొడుకు దగ్గర ఉన్నారు. ఒకరి గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం ఆవిడకు చేతకాదు. సకినాలు కరకరలాడుతూ చాలా బాగున్నాయి. మా ఆవిడా నేనూ రెండు రోజుల్లో సీసా ఖాళీ చేశాం.

ఆ వారాంతంలో సౌజన్య తన ఇంట్లో అవే మఫిన్లు చేసింది. అన్విక సగం తిన్నదో లేదో పెదవుల చుట్టూ ఎర్రగా పొంగింది. డాక్టర్ ముందే రాసి ఇచ్చిన మందు వేశారు, తగ్గింది. కానీ ఇంకొకసారి ఇలా జరిగితే బేకింగ్ ప్రయత్నాలన్నీ ఆపేయాలని డాక్టర్ ఖండితంగా చెప్పారు. పుట్టినరోజు దగ్గరపడుతోంది.

రాకేశ్ ఫోన్ చేశాడు. కోపం లేదు, అలసట ఉంది.

"వదిలేద్దాం అంకుల్. మీరు చాలా చేసిన్రు. వాటర్‌మెలన్‌ను కేక్ షేప్‌లో కట్ చేయిద్దాం. ఇన్‌స్టాలో అందరూ అదే చేస్తున్నరు."

వెనకనుంచి పిల్ల గొంతు వినిపించింది. "వాటర్‌మెలన్ ఈజ్ నాట్ కేక్, డాడీ!"

"ఇంకొక అవకాశం ఇవ్వు రాకేశ్" అన్నాను. "ఆ పిల్లకు ఏమీ తినిపించను. మీ వంటింట్లో ఒక పూట కూర్చోనిస్తే చాలు."

రెండో వంటిల్లు

నా తర్కం ఇది. సూత్రం ఒకటే, సరుకులు ఒకటే, తిన్న పిల్ల ఒకతే. మా వంటింట్లో చేసినది ఒంటికి పడింది, వాళ్ల వంటింట్లో చేసినది పడలేదు. అంటే తేడా సూత్రంలో లేదు, వంటింట్లో ఉంది. సౌజన్య పొరపాటు చేసిందని నేను అనుకోలేదు. చేయలేదని కూడా అనుకోలేదు. కాటా సంచిలో పెట్టుకుని బయలుదేరాను.

వెళ్లేసరికి వంటిల్లు మెరుస్తోంది. నేను వస్తున్నానని పొద్దుటినుంచీ తుడిచినట్టుంది. ఆ మెరుపు చూసి దిగులుపడ్డాను. ఆధారాలు కూడా కడిగేసి ఉంటారేమోనని.

"ఏమీ తినేది లేదు" అని చెప్పాను. "ఆ రోజు ఎలా చేశావో అలాగే మళ్లీ చేయమ్మా. నేను చూస్తాను, అంతే."

సౌజన్య మొదలుపెట్టింది. ఓవెన్ పళ్లెం కొత్తది. గిన్నెలు డిష్‌వాషర్‌లో కడిగినవి. పిండి సరైనది, వెన్న సరైనది. ప్రతిదీ కాటా మీద పెట్టి గ్రాముతో సహా చదివింది; నేను ఉద్యోగంలో శిక్షణ ఇచ్చినవారిలో కొందరు అంత శ్రద్ధగా చేయలేదు. సరోజన గారు తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని, కొంగు చేతిలో నలుపుతూ అంతా గమనిస్తున్నారు. మనవరాలి మొహం పొంగిన రోజునుంచీ ఆవిడ సరిగా తినడం లేదని సౌజన్య నాతో మెల్లగా చెప్పింది.

బేకింగ్ పౌడర్ వంతు వచ్చింది. సౌజన్య అలమరలోంచి గుండ్రటి స్టీలు డబ్బా తీసి మూత తెరిచి, ఎనిమిది గ్రాములు తూచింది.

"ఇది నేనిచ్చినదేనా?"

"మీరిచ్చిందే అంకుల్. మీ సీసా తిరిగి ఇచ్చేయాలని దీంట్లో పోశాం."

"మఫిన్లకు ఎంత వాడావు?"

"ఎయిట్ గ్రామ్స్. ఒక్కసారే."

అప్పుడు జూడిత్ గుర్తుకు వచ్చింది. సౌజన్య ఇప్పుడు తూచిన ఎనిమిది గ్రాములను తిరిగి డబ్బాలో వేయమన్నాను. ఖాళీ గిన్నె ఒకటి కాటా మీద పెట్టి సున్నా చేసి, డబ్బాలోని పొడినంతా అందులో వంపాను. నేనిచ్చినది రెండువందల గ్రాములు. ఎనిమిది వాడితే నూట తొంభై రెండు ఉండాలి. ఎక్కడైనా కాస్త ఒలికితే ఇంకా తగ్గాలి.

కాటా రెండువందల ముప్పై ఒకటి చూపింది.

కాటా సరిచూశాను. మళ్లీ తూచాను. రెండువందల ముప్పై ఒకటే. వాడిన సరుకు డబ్బాలో కూర్చుని పెరగదు. ముప్పై తొమ్మిది గ్రాములు నావి కావు.

"సౌజన్యా, నాది పోయక ముందు ఈ డబ్బాలో ఏముంది?"

"ఏం లేదు అంకుల్. ఖాళీదే." ఆమె డబ్బా వైపు చూసింది. "అంటే… పాత బేకింగ్ పౌడర్ డబ్బా ఇది. ఏడాదయింది ముట్టుకుని. డాక్టర్ చెప్పినంక ప్యాకెట్లన్నీ పారేసిన. ఇది స్టీల్ డబ్బా కదా…"

ప్యాకెట్లకు చీటీలు ఉంటాయి, చదివి పారేస్తాం. మనం సరుకు తెచ్చీ తేగానే స్టీలు డబ్బాలో పోసి ప్యాకెట్ చెత్తబుట్టలో వేస్తాం. డబ్బాలో మిగిలిన తెల్లపొడి ఏమిటో చెప్పే చీటీ అప్పుడే పోయింది.

స్టూలు దగ్గరనుంచి గొంతు వచ్చింది.

"పోసింది నేనే సారూ. అడుగుకు గింతంత ఉండె."

"అత్తమ్మా! అది తీసేసి పోయాలె కదా!" అంది సౌజన్య. గొంతు పెరిగింది.

"ఎట్ల తీస్త బిడ్డా? డబ్బ అడుగు కనవడనియ్యద్దు కదా. ఉప్పయినా చక్కెరయినా గింత ఉండంగనే దాని మీద పోస్తం. మా అత్త గట్లనే నేర్పింది. నేను ఏనాడు ఏ డబ్బ ఉత్తగ చెయ్యలే." ఆవిడ లేచి నిలబడ్డారు. "పిల్ల మూతి వాసింది నా చేతులనేనా సారూ?"

ఆ ప్రశ్నకు మర్యాదకోసం అబద్ధం చెప్పవచ్చు. నేను చెప్పలేదు. అలాగని లేనిదాన్ని ఉన్నట్టూ చెప్పలేదు.

"పాత పొడిలో మొక్కజొన్న ఉందమ్మా. అది కలిసింది. కారణం అదేనని నా అనుమానం. రుజువు ఇంకా లేదు. డబ్బా కడిగి, మళ్లీ చేసి, డాక్టర్ దగ్గర తినిపిస్తే అప్పుడు తేలుతుంది."

సౌజన్య అత్తగారి ముఖం చూసి, పక్కకు జరిగి సింకు దగ్గర చోటిచ్చింది. సరోజన గారు అప్పటికే ఆ డబ్బాను సింకులో పెట్టి తోముతున్నారు. దాని తరువాత చక్కెర డబ్బా, రవ్వ డబ్బా, శనగపిండి డబ్బా, ఉప్పు జాడీ. చీటీ లేని ప్రతి పొడీ చెత్త సంచిలోకి వెళ్లింది. అన్విక వచ్చి చూసి, నానమ్మకు తడి డబ్బాలు అందుకుని టవల్ మీద బోర్లించింది.

"బియ్యం డబ్బ మాత్రం ముట్ట సారూ" అన్నారు ఆవిడ, చేతులు ఆపకుండానే. "గది నిండే ఉండాలె."

"బియ్యంలో మొక్కజొన్న లేదమ్మా. దాన్ని అలాగే ఉంచండి" అన్నాను. ఆవిడ నియమాన్ని మొత్తంగా కొట్టివేయవలసిన అవసరం నాకు కనబడలేదు. ఒక్క బియ్యం డబ్బాకు అది ఏ హానీ చేయదు.

ఆ రోజు నేను బయలుదేరేసరికి వంటింటి అరుగు నిండా బోర్లించిన స్టీలు డబ్బాలు, అన్నిటి అడుగులూ పైకి.

నేర్చుకోవలసినది

రాబోయే పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీరు రాసే సూత్రం మీ పరీక్షా వంటగదిలో పుడుతుంది, బతికేది మాత్రం ఎవరో ఒకరి ఇంట్లో. ఆ ఇంట్లో గిన్నెలకు అలవాట్లు ఉంటాయి. మనుషుల కంటే పాత అలవాట్లు. ఎవరూ వాటిని మీకు చెప్పరు, ఎందుకంటే అవి చెప్పవలసిన విషయాలని వారికి తోచదు. అడగండి: మీరు సరుకు దేనిలో పోస్తారు? పోసే ముందు అందులో ఏముంటుంది? "శుభ్రమైన, పొడి డబ్బాలో నిల్వ చేయండి" అని సంచి వెనుక మేం ఎన్నోసార్లు అచ్చువేశాం. శుభ్రమైనది అంటే ఖాళీది అని ఎక్కడా అచ్చువేయలేదు. ఇప్పుడైతే వేయిస్తాను.

పుట్టినరోజు

కొత్త బేకింగ్ పౌడర్ మళ్లీ రెండువందల గ్రాములు కలిపాం. ఈసారి సౌజన్య కలిపింది, నేను చూశాను. కడిగి ఆరబెట్టిన డబ్బాలో పోసి, మూత మీద ఏమిటో, ఎప్పటిదో చీటీ అంటించింది. ఆ ఇంట్లోనే చేసిన మఫిన్ డాక్టర్ దగ్గరకు వెళ్లింది. అందరం ఫోన్ కోసం ఎదురుచూశాం. సౌజన్య ఒక ఫోటో మాత్రం పంపింది. నున్నటి చిన్న ముఖం, పెదవి మీద మఫిన్ తునక. అప్పుడు నేను నా కాగితం మీద "అనుమానం" అన్న మాట కొట్టివేసి "రుజువైంది" అని రాశాను.

స్ప్రింకిల్స్ మిగిలాయి. పంచదార పొడిలో కోడిగుడ్డు తెల్లసొన, బీట్‌రూట్ రసం కలిపి గట్టి ముద్ద చేశాను. కంపెనీలో అయితే దాన్ని సన్నని గొట్టం సంచితో గీతలు గీసేవాళ్లం. నా చేతులు ఇప్పుడు అంత నిలకడగా లేవు.

"గింతేనా సారూ?" అన్నారు సరోజన గారు. లోపలికి వెళ్లి మురుకుల గొట్టం తెచ్చారు. అన్నిటికంటే సన్నని కన్నాల బిళ్ల వేసి ఒత్తితే, పళ్లెం నిండా గులాబీ రంగు సన్నపోగులు పరుచుకున్నాయి. రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున చాకుతో తరిగారు. పసుపు కలిపిన ముద్దతో ఇంకొక రంగు. కంపెనీ స్ప్రింకిల్స్ కంటే ఇవి ఎక్కువ సమానంగా వచ్చాయి. నేను పాతిక ముక్కలు కొలిచి చూసే ఈ మాట రాస్తున్నాను.

పుట్టినరోజున ఆ చిన్న హాలు నిండిపోయింది. కొవ్వొత్తులు ఆర్పారు, పాట పాడారు. అన్విక కేక్ కోసింది. అలవాటుగా మొదటి ముక్క పక్కనున్న స్నేహితురాలికి ఇవ్వబోయింది.

"అది నీదే, అన్వీ" అన్నాడు రాకేశ్.

పిల్ల ముక్క నోట్లో పెట్టుకుంది. హాలులోని పెద్దలమంతా ఆమె పెదవులవైపే చూస్తున్నాం. నెమ్మదిగా నమిలింది. మింగింది. నా వైపు తిరిగింది.

"తాతా, ఇట్స్ కైండ్ ఆఫ్ డ్రై."

"అన్వీ!" సౌజన్య సిగ్గుతో ఎర్రబడింది. "అట్ల అనొద్దు! తాత ఎంత కష్టపడి…"

"ఏమంటుందిరా?" అని సరోజన గారు ఆదుర్దాగా కొడుకును అడిగారు.

"కేక్ పొడిపొడిగా ఉందంటుంది అమ్మా."

ఉద్యోగంలో నేను చదివిన ఫిర్యాదులకు లెక్కలేదు. ఏ ఒక్కటీ నన్ను ఇంత సంతోషపెట్టలేదు. కిందటి పుట్టినరోజు వరకు కేక్ గురించి ఈ పిల్ల దగ్గర ఏ అభిప్రాయమూ లేదు. తినని వస్తువు మీద అభిప్రాయం ఉండదు. నేను జేబులోంచి పెన్ను తీశాను.

"అంచులోనా, మధ్యలోనా?"

అన్విక ఆలోచించింది. కచ్చితంగా చెప్పడానికి ఇంకొక ముక్క కోసుకుని, ఈసారి మధ్యభాగం కూడా తిని చూసింది.

"ఎవ్రీవేర్."

ఆమె చెప్పింది నిజమే. పైన పూసిన ఫ్రాస్టింగ్ బరువుకు కేక్ కుంగకూడదని నేనే పిండి ఎక్కువ వేయించాను. తరువాతి ఆదివారం వాళ్ల వంటింట్లో రెండో కేక్ చేశాం. పిండి పదిహేను గ్రాములు తగ్గించి, పెరుగు ఇరవై గ్రాములు పెంచాను. ఆ రోజు ఎవరి పుట్టినరోజూ కాదు.